కాక్‌పిట్‌లో కారు ఛార్జరు

ప్రశ్న: శిక్షణ విమానంలో మా అబ్బాయి కారు ఛార్జరు పెడితే పొగ వచ్చిందట. కరెంటు మితిమీరితే దాన్ని తెంచే బ్రేకర్ ఎందుకు పడిపోలేదు? అలాంటప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మన కార్లలో బ్యాటరీ 12 వోల్టులది, అనేక చిన్న విమానాల్లో మాత్రం, నెల్లూరు హైవే మీద తిరిగే లారీలలో లాగే, 24 వోల్టుల బ్యాటరీ ఉండి, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నంతసేపూ సుమారు 28 వోల్టులు వస్తాయి. కారుకు మాత్రమే సరిపడే చవక ఛార్జరులోని కెపాసిటర్లు ఆ వోల్టేజీకి తట్టుకోలేక కాలిపోవచ్చు. బ్రేకర్ ఉన్నది విమానంలోని తీగను కాపాడటానికే గాని ఛార్జరును కాపాడటానికి కాదు కనుక, అది పడిపోవలసినంత కరెంటు పారకముందే ఇరుకైన కాక్‌పిట్ పొగతో నిండగలదు.

ముందుగా ఛార్జరును ఊడబీకాలి. పొగ ఆగకపోతే, ఆ విమానపు చెక్‌లిస్టు ప్రకారం కరెంటు సరఫరా మొత్తాన్నీ తెంచే మాస్టర్ స్విచ్ ఆపాలి. బ్యాటరీ అవసరం లేకుండా తామే నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలతో నడిచే పిస్టన్ ఇంజన్ దానివల్ల ఆగిపోదు. ఈ సంగతి తెలియకనే కొత్తవారు జంకుతారు. మంట ఆరిందని తేలాకే గాలిమార్గాలు తెరిచి, వీలైనంత త్వరగా దిగాలి. కొత్త ఛార్జరు కొనేటప్పుడు ఇన్‌పుట్ 30 వోల్టుల దాకా ఉన్నదో లేదో చూడమనండి.