గుంట అడిగే ప్రశ్నలకి కంగారు పడకే

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు పిన్నీ, నా కూతురి ప్రశ్నలకి నా తల తిరిగిపోతోంది అంటుంటే నాకు నవ్వాగలేదు, మీ తమ్ముడు అయిదేళ్ళప్పుడు నా బుర్ర ఇంతకంటే ఎక్కువ తినేసేవాడు. ఒకసారి వాడు సీతాఫలం గింజ మింగేసి ఏటవుద్దమ్మా అనడిగాడు, నేను పొయ్యి దగ్గర పనిలో ఉండి కడుపులో చెట్టు మొలుస్తుంది పో అనేశాను. సాయంత్రం చూస్తే వాడు మంచినీళ్ళు ముట్టట్లేదు, ఏరా అంటే నీళ్ళు పోస్తే మొలకొచ్చేస్తుంది కదా అన్నాడు!! గింజ అరగదురా, దొడ్డికెళ్ళినప్పుడు బయటికొచ్చేస్తుంది అని చెప్పుంటే అయిపోయేది.

అందుకే చెప్తున్నా, అది ఏదైనా అడిగితే ముందు నువ్వేం అనుకుంటున్నావే అని అడుగు. మొన్న రుషికొండలో గంటసేపు నీళ్ళలో ఆడొచ్చి వేళ్ళు చూపించి నేనూ నీలాగ ముసలిదాన్నయిపోయానా చిన్నమ్మమ్మా అంది చూడు, దాని భయం అదన్నమాట, మనం చర్మం గురించి పాఠం మొదలెడితే దానికేం ఎక్కుతుంది. కాదే, తడిలో వస్తువులు జారిపోకుండా పట్టుకోడానికి నరాలే వేళ్ళలో రక్తనాళాల్ని కుదిస్తాయి, అందుకే ముడతలు, కాసేపటికి పోతాయి అన్నాను, ఊరుకుంది. చెమట ఉప్పగా ఎందుకుందంటే మన రక్తంలోనూ ఉప్పుంటుందని చెప్పు. మన వైజాగ్ గాల్లో అసలే తేమ, చెమట తొందరగా ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు, ఇది తడి తువ్వాలు ఆరేసి చూపిస్తే సరి.

ఇక నువ్వు నీళ్ళు నమిలిన ప్రశ్న, బేబీ పొట్టలో ఎలా ఉంటుంది అని. అన్నం వెళ్ళే సంచి వేరు, బేబీ పెరిగే గర్భసంచి వేరు అని చెప్పి ఆగిపో. మళ్ళీ అడిగితే ఇంకొంచెం చెప్పు, అడగనిది మాత్రం చెప్పకు. ఛీ తప్పు అని మాత్రం అనకే, ఇవాళ అలా నోరు మూయిస్తే రేపు ఎవడైనా వెయ్యకూడని చోట చెయ్యేసినా నీకు చెప్పదు. చెయ్యికీ ముక్కుకీ పేరున్నట్టే ఆ భాగాలకీ అసలు పేర్లే నేర్పు, స్నానం చేయించేటప్పుడు మామూలుగా చెప్పేస్తే అదీ మామూలుగానే తీసుకుంటుంది. 1098 నంబరు కూడా బట్టీ పట్టించు, పిల్లల హెల్ప్‌లైన్ అది.

తెలీకపోతే తెలీదనేయ్, కలిసి చూద్దాం అను, పరువేం పోదు. నిన్న నన్నే అడిగింది, రక్తం ఎర్రగా ఉంటే నీ చేతి మీద నరాలు నీలంగా ఎందుకున్నాయి అని. నాకు వెంటనే చెప్పడం రాలేదు, ఆదివారం రా, లైట్లు ఆపి చేతికింద టార్చి పెట్టి చూద్దాం అన్నాను, వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి కదా, నీలం సంగతి అక్కణ్ణుంచి మొదలెడతాను. వచ్చేటప్పుడు టార్చికి సెల్స్ పట్టుకురా, నా దగ్గరున్నవి అయిపోయాయి.

మీ పిన్ని