నీళ్ళ సీసాల సంగతి

శ్రీకాకుళం
రథసప్తమి మర్నాడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ నాకు అంది మూడు వారాలైంది. మొదటిసారి చదివి బల్ల మీద పడేశాను. తర్వాత మా ఆవిడ చదివి, "ఆ పిల్లకి జవాబన్నా రాయండి, ఆ కాగితాలన్నా ఇక్కణ్ణుంచి తియ్యండి" అంది. నిన్న రథసప్తమి కదా, అరసవల్లి వెళ్ళే జనంతో రోడ్లన్నీ నిండిపోయి కదిలే వీల్లేక రెండోసారి చదివాను. కోపం తగ్గలేదు గాని, ఎందుకొచ్చిందో తెలిసింది.

విజయనగరంలో పుట్టి పెరిగి, మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద, అక్కడి కిడ్నీ జబ్బు మీద కథ రాయడం తప్పేమీ కాదు. ఉద్దానంలో పుట్టిన నేనే చాలా ఏళ్ళు రాయలేదు. కథ నడక బాగుంది. పొగడ్త ఇక్కడితో సరి.

పదకొండో పేజీ తియ్యి. రామకోవెల ముందు జనం. విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు మైకు పట్టుకుని, "ఇది అమ్మవారి శాపం కాదు, మీ నీళ్ళలో విషం ఉంది, శాస్త్రవేత్తలు తేల్చేశారు" అంటాడు. జనం మంత్రాలేసే గురువు కట్టిన తాయెత్తులు పటపటా తెంపేసి చప్పట్లు కొడతారు.

ఎవరమ్మా తేల్చింది? ఎప్పుడు? ఏ నూతి నీళ్ళు పట్టుకెళ్ళి?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల్లో షుగరూ బీపీ లేని మనిషికి, కొబ్బరి తోటలో కూలికెళ్ళే మనిషికి, నొప్పీ పాడూ లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఎన్నో బృందాలు వచ్చాయి. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, జీడి తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, వంశంలో ఉందన్నారు. అనుమానితులు ఇంతమంది ఉన్నారు, నేరం మాత్రం ఒక్కరి మీదా రుజువు కాలేదు. శ్రీలంకలో వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఒక్క కారణం మీద అందరూ ఒప్పుకోలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు. కారణం తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా నీళ్ళు మార్చడం మంచి పనే. అంతమాత్రాన నీళ్ళే దోషి అని నువ్వు కథలో తీర్పు రాసెయ్యకూడదు.

ఇప్పుడు నీ గురువునీ నీ డాక్టర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడు. అమ్మవారికి కోపం వచ్చిందని గురువు అన్నాడు. నీళ్ళలో విషం ఉందని డాక్టరు అన్నాడు. చేతిలో కాగితం ఇద్దరికీ లేదు. ఒకడి మెడలో రుద్రాక్షలు, ఇంకొకడి మెడలో స్టెతస్కోపు. జనం ఆ మెడని వదిలి ఈ మెడని నమ్ముకున్నారు. దీన్ని నువ్వు చైతన్యం అంటున్నావు.

నేనెందుకింత గింజుకుంటున్నానో చెప్తాను విను. నేను సోంపేట వైపు ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారుగా ఉన్న రోజుల్లో కొందరు జీపులో వచ్చారు. ఎక్కడి వాళ్ళో చెప్పను, అనవసరం. ఊళ్ళో నూతుల నీళ్ళు, బోరింగుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళాలి, రక్తం తియ్యాలి, సాయం చెయ్యమన్నారు. నాకు ఎంత గర్వమో! తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగాను. రక్తం అనగానే జనం తలుపులేసుకున్నారు. "నేను చెప్తున్నాను కదా, పదిహేను రోజుల్లో ఎవరి చీటీ వాళ్ళకొస్తుంది" అన్నాను. నా మాట మీద చేతులు చాపారు. సీసాల మీద పేర్లు నేనే రాశాను, నా చేతి రాతతో.

చీటీలు రాలేదు. ఉత్తరాలు రాశాను, ఒకసారి బస్సెక్కి వెళ్ళాను. "అది స్టడీ కోసమండీ, ఒక్కొక్కరికి రిపోర్టు ఇవ్వడం ఉండదు" అన్నారు. మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. నేను కనిపించినప్పుడల్లా, "మాస్టరుబాబూ, మా నూతి సీసా మాటేటయింది?" అని అడిగేది. కోపంగా కాదు, పెళ్ళికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారా అన్నట్టు అడిగేది. రెండేళ్ళు అడిగింది. తర్వాత వాళ్ళాయనకి కాళ్ళు వాచాయి. అప్పుడు అడగడం మానేసి గురువు దగ్గరికి వెళ్ళింది. ఆ గురువు ప్రతి మంగళవారం వచ్చేవాడు. మంచం మీద కూర్చునేవాడు. ముసలాయన పేరూ, చచ్చిపోయిన అన్నగారి పేరూ కూడా ఆయనకి తెలుసు. డబ్బు తీసుకునేవాడు, అదీ నిజమే.

ఆవిడ అజ్ఞానం వల్ల వెళ్ళిందని నువ్వు రాస్తావు. నాకు తెలిసి ఆవిడ ముందు సైన్సునే నమ్మింది. సైన్సు ఆ ఊళ్ళో నా మొహం వేసుకుని వచ్చింది, మళ్ళీ రాలేదు. నీ కథలో ఆ సీసా లేదు. ముప్పై పేజీల్లో ఒక్కచోట కూడా, వచ్చి వెళ్ళిపోయినవాళ్ళ ఊసు లేదు. శాపానికీ విషానికీ మధ్య జనం ఊగుతున్నారని రాశావు గాని, వాళ్ళు ఎవరి కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశారో రాయలేదు.

"శాస్త్రవేత్తలు చెబుతున్నారు" అన్న మాట ఇకమీద నీ కథల్లో కనపడితే నాకు పంపకు. ఎవరు, ఏం కొలిచి, ఎవరితో చెప్పారో రాయి. రాయలేకపోతే ఆ వాక్యం కొట్టెయ్యి. ఈ మాట నలభై ఏళ్ళుగా సభల్లో చెప్తున్నాను, చాదస్తం అంటారు. అననీ.

అసలు ఆ శాస్త్రం అన్న మాటలోనే తిరకాసు ఉంది. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టి శాస్త్రం ప్రకారం అంటారు. డాక్టరూ అదే మాట అంటాడు. కంచం ముందు కూర్చుని ఆకలి లేనివాడు శాస్త్రానికి రెండు మెతుకులు నోట్లో వేసుకుంటాడు. ఒకే మాటకి ఇన్ని పనులు పెట్టుకున్న జనం మనం. నీ డాక్టరు మైకులో శాస్త్రం అన్నప్పుడు, కింద కూర్చున్నవాళ్ళకి ఏ శాస్త్రం వినపడిందో ఆలోచించావా?

1999 ఆగస్టు 11 నాకు బాగా గుర్తు. సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ యూరప్ మీద నుంచి వచ్చి మన శ్రీకాకుళం దాటి బంగాళాఖాతంలో ముగిసింది. సాయంత్రం ఆరు దాటాక. వారం ముందు నుంచి క్లాసులో బంతులు పెట్టి, లాంతరు పెట్టి చెప్పాను. అందర్నీ బడి డాబా మీదికి రమ్మన్నాను. వచ్చింది నలుగురు పిల్లలు. ఊరంతా తలుపులు మూసుకుంది. పంతులుగారు బయటికి రావద్దన్నారు సరే, రేడియోలో డాక్టర్లు కూడా మామూలు కళ్ళతో చూస్తే గుడ్డితనం వస్తుందని చెప్పారు. తల్లులు రెండూ కలిపేసి, "సైన్సు కూడా అదే చెప్తంది" అన్నారు. దాని మీద మబ్బు! నిమిషం లోపు చీకటి పడి పోయింది, అంతే. నేను దిగులుగా దిగుతుంటే కింద ఒక పెద్దాయన, "మీరు సెప్పిన టైముకే అయింది మాస్టరుబాబూ. పంచాంగంలోనూ అదే టైము రాసినాడు" అన్నాడు.

అప్పుడు నవ్వొచ్చింది గాని, తర్వాత తర్వాత అర్థమైంది. గ్రహణం టైము నిమిషాలతో సహా సరిపోయింది కాబట్టి పంచాంగానికి పరపతి వచ్చింది. ఆ పరపతిని రాశిఫలాల్లో ఖర్చు పెడతారు. ఇది వాళ్ళొక్కళ్ళే చేస్తారనుకోకు. ఒక జబ్బుకి మందు కనిపెట్టిన పెద్దమనిషి టీవీలో కూర్చుని తనకు తెలియని ఇంకో జబ్బు గురించి తీర్పులిస్తాడు. అదీ ఒక చోట సంపాదించి ఇంకో చోట ఖర్చు పెట్టడమే. ఈ మధ్య ఇంకో ఫ్యాషన్ వచ్చింది. గుమ్మానికి మామిడాకులు కడితే ఆక్సిజన్ వస్తుందట, గుడి గంట మోగితే క్రిములు చస్తాయట! దేవుడి మీద నమ్మకం ఉన్నవాడికి ఆక్సిజన్ సర్టిఫికెట్ దేనికి?

నువ్వు అడిగావు కాబట్టి: శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో ఉన్న మాట నిజమే. 51ఎ(హెచ్), 1976లో 42వ సవరణతో చేరింది. 2001లో యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెడతానని యూజీసీ అంటే, హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థని స్థాపించిన పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. ఆయన కేసుని మన హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. రాజ్యాంగంలో వాక్యం చూపించి నీ పాత్రల చేత ఉపన్యాసాలు ఇప్పించకు.

నమ్మకం ఎలా పుడుతుందో చూడాలనుంటే సముద్రం ఒడ్డుకి, బారువ వెళ్ళు, భావనపాడు వెళ్ళు. నా చిన్నప్పుడు రేడియోలో వాన అన్నారంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళమని వేళాకోళం చేసేవాళ్ళు. ఇప్పుడు తుపాను కబురు రాగానే మత్స్యకారులు పడవలు ఒడ్డుకి లాగేస్తారు. గంగమ్మకి కొబ్బరికాయా కొడతారు. వాళ్ళకి ఇందులో టెన్షన్ ఏమీ లేదు, ఉన్నదల్లా మనకే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటుతుందన్నారు, దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి, కానీ కబురు ముందే వచ్చింది. ఇవాళ చెప్పింది రేపు సాయంత్రానికి తేలిపోతుంది. తప్పితే తిట్టొచ్చు, ఒప్పయితే మెచ్చుకోవచ్చు. కిడ్నీ సంగతి అలా కాదు. చెప్పినవాడి మాట తేలేలోపు విన్నవాడు ఉండడు. ఆ మధ్య కాలంలో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళదే నమ్మకం.

ఈ తాయెత్తులు తెంపే ముగింపు నాకు కొత్త కాదు. 1986లో నా మొదటి కథ ఒక వారపత్రికలో వచ్చింది. నేను రాసిన ముగింపులో తల్లి ఆస్పత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గురువు ఇంటివైపు నడిచిపోతుంది. అచ్చులో చూద్దును కదా, ఊరంతా గురువు మీద తిరగబడింది! సంపాదకుడు కింద ఒక పేరా తనే రాసి చేర్చాడు. అడిగితే "సందేశం ఉండాలయ్యా" అన్నాడు. ఆ పేరాకే బహుమతి కూడా వచ్చింది. ఆ డబ్బుతో సైకిలు కొన్నాను, ఆ సైకిలు మీదే నా కథ పుట్టిన ఊరు వెళ్ళి అక్కడి ముసలమ్మల మొహాలు చూశాను. ఆ సంపాదకుడు పోయి చాలా ఏళ్ళయింది, నా కోపం మాత్రం పోలేదు. ఆయన పేరా నీ పదకొండో పేజీలో మళ్ళీ కనపడింది, అదీ అసలు బాధ.

ఇంకొకటి. నీ కథలో తప్పు మాట్లాడేవాళ్ళందరికీ మా యాస పెట్టావు. ఒప్పు మాట్లాడే డాక్టరు మాత్రం పేపరు భాష మాట్లాడతాడు. పైగా యాస అంటే ప్రతి "చ"నీ "స" చెయ్యడం అనుకున్నావు. కిడ్నీల పనితనం చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందో, పోయిన నెల ఎంతో, పక్కింటాయనకి ఎంతో మా ఊళ్ళో అక్షరం రానివాళ్ళు కూడా చెప్తారు. ఆ మాట వాళ్ళ నోట ఎలా పలుకుతుందో విని రాయి.

అరసవల్లి సూర్యదేవుడి గుడి గురించి అడిగావు, స్వామి పాదాల మీద పడే ఆ పొద్దుటి కిరణాలు మహిమా, లెక్కా అని. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున (మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి) సూర్యుడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. మార్చిలో దానికి ఓ పది రోజుల ముందు, సెప్టెంబరులో దాని తర్వాత ఓ పది రోజులకి, తూర్పుకి రవ్వంత దక్షిణంగా ఒకే చోట పొడుస్తాడు. అందుకే మార్చి 9, 10 ప్రాంతంలో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో గోపురం వాకిట్లోంచి, అనివెట్టి మండపంలోంచి వచ్చి స్వామి పాదాలు తాకుతాడు. లెక్క ఇంతే. పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పానో! అయినా ఆ పొద్దున అక్కడ నిలబడితే నాకు గొంతు పట్టేస్తుంది. నేను దణ్ణం పెడతానా పెట్టనా అన్నది నువ్వు అడగకూడదు, నేను చెప్పను. ఈ మార్చిలో రా, చూద్దువుగాని. మబ్బుంటే నా పూచీ లేదు.

పోటీకి పంపనా, పుస్తకం వెయ్యనా అన్నవాటికి నా దగ్గర జవాబు లేదు. ఇంకేవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

ఇరవై నాలుగో పేజీలో ఒక్క వాక్యం ఉంది. తల్లి రక్త పరీక్ష చీటీని మడిచి దేవుడి పటం వెనక పెడుతుంది, పెట్టేముందు దాని మూలకి కుంకుమ అద్దుతుంది. అది నువ్వు ఎక్కడో చూసి రాశావు, ఊహించలేదు. ఉత్తరం రాయమని మా ఆవిడ పోరు పెట్టింది ఆ వాక్యం చదివాకే. పదకొండో పేజీ చింపేసి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టు. ఆ చీటీ మీద అంకె ఎంతో నువ్వు రాయలేదు. అది ఎంతో కనుక్కో. ఆ చీటీ ఎవరు తెచ్చి ఆవిడ చేతికిచ్చారో కూడా.

ఉంటాను,
మీ మాస్టారు

తా.క.: కాగితాలు తిరిగి పంపుతున్నాను. నాలుగో పేజీ మీద టీ మరక నాది కాదు, మా ఆవిడది.