పేద దేశాల్లో కాన్పు ఉచితమైనా అత్యవసర వైద్యం పేద తల్లులకే ఎందుకు ఆలస్యంగా అందుతుంది?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు ఉచితమని ప్రకటించిన దేశాల్లో కూడా ప్రాణం మీదికి వచ్చినప్పుడు పేద స్త్రీలే ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారన్నది ఒకటి. ఉన్న కొద్దిపాటి డబ్బును ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలన్నది రెండోది. నేను ప్రసూతి వైద్యురాలిని. పాడేరు ఏజెన్సీలో నాలుగేళ్లు పనిచేసిన తరువాత ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ దేశానికి వెళ్లి, దక్షిణ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో రెండేళ్లకు పైగా పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టే ఈ సమాధానం రాస్తున్నాను.

మలావీలో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుకు రుసుము లేదు. అయినా నేను చేరిన మొదటి సంవత్సరం, క్రిస్మస్ సెలవుల్లో ఒక తెల్లవారుజామున మూడో కాన్పుకు వచ్చిన స్త్రీని నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఆమెను కబాజా మీద తీసుకొచ్చారు. కబాజా అంటే వెనుక సీటు మీద మనుషులను ఎక్కించుకొని కిరాయికి తొక్కే సైకిలు. ఒకడు తొక్కుతుంటే, భర్త పక్కన నడుస్తూ ఆమె వీపును పట్టుకొని, వాన బురదలో ఆరోగ్య కేంద్రం దాకా తెచ్చాడు. అక్కడి నుంచి అంబులెన్సు దొరికి మా దగ్గరకు వచ్చేసరికి నొప్పులు మొదలై ఒకటిన్నర రోజు దాటిపోయింది. బిడ్డ అప్పటికే చనిపోయింది, గర్భసంచి చిరిగింది. ఆపరేషన్ చేశాము. రక్తనిధిలో ఆమె గ్రూపు రక్తం ఒకే ఒక సంచి ఉంది. రెండో సంచి కోసం బంధువుల రక్తం పరీక్షిస్తుండగానే ఆమె చనిపోయింది.

వరండాలో కూర్చున్న అత్తగారి ఒడిలో నాలుగు మడతలు పెట్టిన నల్లటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద విప్పని బ్లేడు పొట్లం, ఒక కొవ్వొత్తి ఉన్నాయి. మొదటి రోజంతా ఎందుకు ఆగారని నర్సు అడిగితే ఆవిడ ఆ పట్టాను చూపించింది. కాన్పుకు వచ్చే స్త్రీ మంచం మీద పరచుకోవడానికి ప్లాస్టిక్ పట్టా, బొడ్డు కోయడానికి బ్లేడు, బిడ్డను చుట్టడానికి బట్టలు, కరెంటు లేకపోతే వెలిగించుకోవడానికి కొవ్వొత్తి వెంట తెచ్చుకోవడం అక్కడ చాలాచోట్ల ఆనవాయితీ. అవి లేకుండా వెళితే అందరి ముందూ మాట పడవలసి వస్తుందన్న భయంతో, ఒక కోడిని అమ్మి వాటిని కొనేదాకా ఆ కుటుంబం బయలుదేరలేదు.

ఆ నర్సులను నిందించడం నా ఉద్దేశం కాదు. ఒకే రాత్రిలో ఒకే మంచం మీద వరుసగా అయిదారు కాన్పులు చేస్తూ, పరచడానికి దుప్పటి లేని మనిషి పట్టా తెచ్చావా అని అడగక ఏం చేస్తుంది? మొదటి నెలల్లో నేను కూడా ఆ మాట అడిగినదాన్నే. కానీ ఉచితమని రాసిపెట్టిన సేవకు ఇలా దొంగచాటుగా ఒక ధర తగులుకుంటుందని, ఆ ధర అందరికీ ఒకటే అయినా అది సంపాదించడానికి పట్టే కాలం మాత్రం ఇంటింటికీ మారుతుందని నాకు ఆ రోజు అర్థమైంది. నెలజీతం వచ్చే ఉద్యోగి భార్యకు అది పది నిమిషాల పని, కూలివాడి భార్యకు ఒక పగలు. అక్కడివారు మాట్లాడే చిచేవా భాషలో గర్భాన్ని ‘పకాతి’ అంటారు. ‘నడుమ’ అన్నా ఆ మాటే. ఆ పగలంతా ఆమె నడుమనే ఉండిపోయింది.

ప్రసవ మరణాల వెనుక ఉండే ఆలస్యాలను 1994లో సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు మూడుగా విడదీశారు: వైద్యానికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరుకోవడంలో ఆలస్యం, చేరాక చికిత్స మొదలవడంలో ఆలస్యం. చాలామంది మొదటిదాన్ని అజ్ఞానంగా, మూఢనమ్మకంగా లెక్కగడతారు. నా అనుభవంలో అది ఎక్కువగా పేదరికమే. ఆ అత్తగారికి ప్రమాదం తెలియక కాదు, తెలిసే కోడిని అమ్మింది.

ఈ తేడాను గుర్తించకపోతే నిర్ణయాలు ఎలా దారి తప్పుతాయో చెప్పడానికి మలావీలోనే ఒక ఉదాహరణ ఉంది. అక్కడ 2007లో మంత్రసానులు కాన్పులు చేయడాన్ని నిషేధించారు. 2010లో అప్పటి అధ్యక్షుడు బింగు వా ముతారికా ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. అనేక ఊళ్లలో ఇంటి దగ్గర కాన్పు జరిగితే మేకో, కోళ్లో, డబ్బో జరిమానాగా కట్టాలని గ్రామపెద్దలు కట్టుబాట్లు పెట్టారు. ఆసుపత్రి కాన్పులు పెంచాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ జరిమానా పడేది ఎవరి మీద? దారిలో వాగు పొంగినవారి మీద, కిరాయి లేనివారి మీద. ఇంట్లో కాన్పై రక్తస్రావం ఆగని స్త్రీని, జరిమానాకు భయపడి ఆలస్యంగా తెచ్చిన సందర్భాలు నేను చూశాను. తీవ్రంగా రక్తం పోతున్న తల్లి రెండు గంటల్లోనే ప్రాణం కోల్పోవచ్చు. అలాంటిచోట భయపెట్టి మనుషులను ఆసుపత్రికి రప్పించాలనుకోవడం పెద్ద పొరపాటని నా నమ్మకం.

దారి గురించి తెలుగువారికి ఎక్కువ చెప్పనవసరం లేదు. పాడేరు కొండల్లో డోలీ మోసుకొచ్చేవారిని చూసినవారికి దక్షిణ మలావీలోని షిరే నది లోయలో వానాకాలం ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. గర్భిణి నెలలు నిండకముందే ఆసుపత్రి పక్కన వచ్చి ఉండే వసతి గృహాలు మలావీలో చాలా ఉన్నాయి. మన సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నడిపినది కూడా అదే ఆలోచన. వాటిలో భోజనం పెట్టడం, పెట్టకపోవడం దగ్గరే తేడా అంతా ఉంది. సొంతంగా వండుకొమ్మంటే, మూడు వారాల పిండి మోసుకురాలేని స్త్రీ, ఇంట్లో చిన్నపిల్లలను వదలలేని స్త్రీ రాదు. కాబట్టి ఆ గృహం కూడా కాస్త కలిగినవారికే ఉపయోగపడుతుంది.

ఇక మూడో ఆలస్యం. అయిదు లక్షల జనాభాకు అత్యవసర ప్రసూతి సేవలందించే కేంద్రాలు కనీసం అయిదు, వాటిలో సిజేరియన్, రక్తమార్పిడి రెండూ చేయగలిగినది కనీసం ఒకటి ఉండాలని ఐక్యరాజ్య సమితి సంస్థలు ప్రమాణం పెట్టాయి. కాగితం మీద ఈ లెక్క సరిపోయిన జిల్లాలో కూడా రాత్రి రెండు గంటలకు పరిస్థితి వేరుగా ఉంటుంది. మత్తు ఇచ్చే మనిషి ఒక్కడే, అతడు సెలవులో ఉంటాడు. అంబులెన్సు ఉంటుంది, డీజిలు ఉండదు. కాన్పు తరువాత రక్తస్రావాన్ని అదుపు చేసే, చల్లగా ఉంచవలసిన ఆక్సిటోసిన్ ఇంజెక్షను కరెంటు లేని ఫ్రిజ్‌లో ఉంటుంది. రక్తం సంగతి ఇంకా బాధాకరం: మలావీలో స్వచ్ఛందంగా రక్తమిచ్చేవారిలో ఎక్కువమంది హైస్కూలు విద్యార్థులే కాబట్టి, బడులకు సెలవులిస్తే రక్తనిధులు ఖాళీ అవుతాయి. క్రిస్మస్ సెలవుల్లో వచ్చిన ఆ స్త్రీకి రెండో సంచి దొరకకపోవడానికి కారణం అదే.

వైద్యులు లేరు కాబట్టి ఏమీ చేయలేమన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోను. మలావీ జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లలో అత్యధిక భాగం చేసేది ఎంబీబీఎస్ చదవని క్లినికల్ ఆఫీసర్లే. వరుసగా రెండు వేలకు పైగా ప్రసూతి ఆపరేషన్లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 88 శాతం వారు చేసినవే అని, ఫలితాలు వైద్యులు చేసినవాటితో పోల్చదగినట్టే ఉన్నాయని తేలింది. చిరిగిన గర్భసంచిని కుట్టడంలో నాకు మెలకువలు నేర్పినది అలాంటి ఒక క్లినికల్ ఆఫీసరే.

అందుచేత మీ రెండో ప్రశ్నకు నా సమాధానం ఇది: కొత్త భవనం కంటే ముందు, ఉన్న ఆసుపత్రి రాత్రిపూట పనిచేసేట్టు చేయడానికి డబ్బు పెట్టాలి. రెండో మత్తు నిపుణుడి జీతం, సెలవుల ముందే పెద్దవాళ్ల నుంచి రక్తసేకరణ, అంబులెన్సుకు విడిగా తాళం వేసి ఉంచే డీజిలు, గుర్రపువాతానికి (గర్భిణికి రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్స్‌కు) ఇచ్చే మెగ్నీషియం సల్ఫేటు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉండటం. వీటిలో దేనికీ శంకుస్థాపన జరగదు కాబట్టే నాయకులకు పట్టదు. వాటితో పాటు, తల్లి వెంట తెచ్చుకోవలసిన ప్రతి వస్తువునూ ఆసుపత్రే ఇవ్వాలి.

పట్టా విషయం మళ్లీ చెప్పక తప్పదు. 2023లో ఈ-మోటివ్ అనే పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని ఎనభై వరకు ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల్లో, కొలత గీతలున్న ప్లాస్టిక్ పట్టాతో పోయిన రక్తాన్ని వెంటనే కొలిచి, గర్భసంచి మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారిగా మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. ఒకచోట తల్లిని ఇంట్లోనే ఆపేసిన ప్లాస్టిక్ పట్టా, ఆసుపత్రి తన ఖర్చుతో పరిచినప్పుడు ప్రాణం నిలిపే పరికరమైంది.

ఆ మరణం తరువాత మేము రెండు పనులు చేశాము. పట్టాల చుట్ట ఒకటి కొని, ముక్కలు కోసి, మా పరిధిలోని ఆరోగ్య కేంద్రాలకు పంపి, ఎవరినీ తెమ్మని అడగవద్దని చెప్పాము. రిజిస్టరులో, చేరిన సమయం పక్కనే, నొప్పులు మొదలైన సమయం, ఇంటి నుంచి బయలుదేరిన సమయం, మధ్యలో ఆగిన కారణం రాయడానికి గడులు గీశాము. మొదటి నెలలో ఆ చివరి గడిలో నర్సులు రాసినవి నాకు ఇంకా గుర్తున్నాయి: ‘వాగు’, ‘కిరాయి లేదు’, ‘భర్త ఊళ్లో లేడు’, ‘పిల్లలను చూసేవారు లేరు’, ‘బట్టలు ఆరలేదు’.