డిస్క్ దగ్గర వివాదమా, తగవా?

సందేహం: రెండు మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) సిస్టమ్‌లు ఒకే డిస్క్ కోసం ఎగబడి పనులు ఆగిపోతే దాన్ని కంటెన్షన్ అంటాం. కొత్తగా చేరినవాళ్ల కోసం తెలుగులో నోట్సు రాస్తూ ‘డిస్క్ వివాద నిర్ధారణ’ అని శీర్షిక పెట్టాను. తోటివాళ్లు నవ్వారు. ‘పోటీ’ అనాలా, ‘తగవు’ అనాలా? నోట్సులో ఒక పేజీ జతచేశాను.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: నవ్వినవాళ్లను తప్పుపట్టను. వివాదంలో ఉన్నది ‘వద’ ధాతువు. మాటకు మాట ఉంటేనే వివాదం. మీ సిస్టమ్‌లు నోరు విప్పవు. ఒకటి రిజర్వ్ (మిగతా సిస్టమ్‌లను రానివ్వని తాళం) పెట్టి వాల్యూమ్ (అంటే ఆ డిస్క్) మొత్తాన్నీ పట్టుకుంటుంది. రెండోదానికి అదే వాల్యూమ్‌లో వేరే ఫైలు కావలసినా కదలడానికి ఉండదు. ఇందులో వాదమెక్కడ? నిఘంటువులో మొదట కనబడిన మాటను తెచ్చి అతికించే అలవాటు ఈమధ్య మరీ ముదిరింది. టీవీ వార్తల్లో ప్రతి గొడవా వివాదమే!

‘పోటీ’ ఎవరికైనా అర్థమవుతుంది. ఒకే వస్తువును నలుగురు కోరుకోవడం వరకూ సరిపోతుంది.

నా మొగ్గు మాత్రం తగవు వైపే. ‘నగు’ నుంచి నగవు వచ్చినట్టే ‘తగు’ నుంచి తగవు వచ్చింది. తగినది, న్యాయమైనది అన్నది దాని తొలి అర్థం. ‘ఇది నీకు తగవా?’ అని పాత తెలుగులో అడిగితే, నీకిది న్యాయమా అని. తగవరి అంటే న్యాయం తప్పనివాడు. ఊళ్లో ఇద్దరు కొట్టుకుంటే పెద్దమనిషి తగవు చెప్పేవాడు, అంటే ఎవరికేది తగునో తేల్చేవాడు. ఆయన దగ్గరికి వెళ్లే గొడవలకే పోనుపోను ఆ పేరు అంటుకుంది. న్యాయం చెప్పేవాడి మాట కాస్తా కీచులాడుకునేవాళ్ల పాలైంది. తగదు, తగిన, తగుదునమ్మా అని దూరడం – వీటిలో పాత అర్థం ఇంకా బతికే ఉంది.

మీకు ఈ రెండర్థాలూ పనికొస్తాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ జడ్‌ఓఎస్‌లో జీఆర్‌ఎస్ అనే భాగం ఉంది. ఉమ్మడి వనరులను ఎవరెప్పుడు వాడుకోవాలో అదే చూస్తుంది. అది చేసేది అచ్చంగా తగవరి పని. ‘డి జీఆర్‌ఎస్,సి’ అని కమాండ్ ఇస్తే పట్టుకున్నదెవరో, కాచుకున్నదెవరో చెబుతుంది. రిజర్వ్‌ను అన్ని సిస్టమ్‌లకూ వర్తించే ఎన్‌క్యూగా (పేరు చెప్పిన వనరుకే వేసే తాళంగా) మార్చేలా ఏర్పాటు చేసుకుంటే, వాల్యూమంతా బిగుసుకోకుండా కావలసిన ఒక్కదానికే తాళం పడుతుంది.

మీరు పంపిన పేజీలో ఒకచోట నాకు కోపం వచ్చింది. సిస్టమ్ పనితీరును కొలిచే ఆర్‌ఎమ్‌ఎఫ్ ఇచ్చే రిపోర్టులోని ఐఓఎస్‌క్యూ, పెండ్ అనే రెండు కాలాలకూ ‘నిరీక్షణ సమయం’ అనే రాశారు. మొదటిది సొంత సిస్టమ్ లోపలి క్యూ. రెండోది అభ్యర్థన బయటికి వెళ్లాక డిస్క్ దాన్ని అందుకునేదాకా పట్టే కాలం. పొరుగు సిస్టమ్ పెట్టిన రిజర్వ్ దెబ్బ ఈ రెండోదాంట్లో తేలుతుంది. దాని వెనకే మొదటిదీ పెరగొచ్చు. రెండింటికీ ఒకే పేరు పెడితే చిక్కు మన ఇంట్లోదో పొరుగుదో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ‘లోపలి క్యూ’, ‘బయటి ఆగుడు’ అన్నా నయమే.

నిర్ధారణను ఉండనివ్వండి. ఆయుర్వేదంలో రోగకారణం కనిపెట్టడాన్ని నిదానం అంటారు గానీ, ఇప్పుడా మాట రాస్తే డిస్క్ నిదానంగా ఉందనుకుంటారు.

శీర్షికలో ‘డిస్క్ తగవు’ అంటే నాకు ముచ్చటే. పోటీ అనే పెడతామన్నా, కంటెన్షన్ అని తెలుగు లిపిలో రాస్తామన్నా అభ్యంతరం చెప్పను. రిజర్వ్, ఎన్‌క్యూ లాంటి మాటలను మాత్రం అనువదించకండి. కన్సోల్ మీద కనబడే మాట నోట్సులో లేకపోతే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు దేన్ని పట్టుకుని వెతుకుతాడు?