రమ్మీ యాప్‌ల గెలిచిన పైసలకు 12 లక్షల లిమిట్ పనిజేయదు తమ్మీ

దేవరకొండ దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు, ప్రైవేట్ స్కూల్ల టీచర్, జీతం నెలకు 25 వేలు, 2025 ఆగస్టుల గేమ్‌లు బందయ్యేదాక రమ్మీ యాప్‌ల ఆడిండు, విత్‌డ్రా చేస్తుంటే 42 వేలు టీడీఎస్ (ముందే పట్టుకునే ట్యాక్స్) కట్ అయింది. 12 లక్షల దాకా ట్యాక్స్ లేదంటున్నరు గదా ఆ పైసలు రిఫండ్ వస్తయా, వేరే యాప్‌ల పోయినయ్ చూపిస్తే నడుస్తదా, తెలంగాణల బ్యాన్ ఉన్నప్పుడు ఇది రిటర్న్‌ల చూపిస్తే లేని తలనొప్పి వస్తదా అని. నేను మిర్యాలగూడల రైసుమిల్లుల లెక్కలు చూస్త, జులై వచ్చిందంటే చుట్టాలందరి ఫారం-16లు నా టేబుల్ మీదనే ఉంటయ్, పోయినేడు మా పిన్ని కొడుకుది అచ్చం ఇసొంటి కేసే దగ్గరుండి చూసిన, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ముందుగాల రిఫండ్ సంగతి. రాదు. పైంగ నువ్వే ఇంకొంచెం కట్టాలె. ఆన్‌లైన్ గేమ్‌ల మీద గెలిచిన దానికి సెక్షన్ 115బీబీజే అని వేరే ఉన్నది, 2023-24 సంవత్సరం నుంచి వచ్చింది, నీ జీతం ఎంత, స్లాబ్ ఏంది అని చూడదు, సీదా 30 శాతం, ఆ ట్యాక్స్ మీద ఇంకో 4 శాతం సెస్సు. యాప్ వాళ్ళు కోసేది సెక్షన్ 194బీఏ కింద ఉత్త 30 శాతమే, సెస్సు వాళ్ళు పట్టుకోరు, అది నీ నెత్తి మీదనే ఉంటది. 12 లక్షల కత ఏందంటే అది సెక్షన్ 87ఏ రిబేటు (ట్యాక్స్ మాఫీ), మామూలు స్లాబ్ ఆదాయానికే, 2025 బడ్జెట్ చట్టంలనే స్పెషల్ రేటు ఆదాయానికి వర్తించదని సాఫ్‌గ రాసిన్రు. ఇంకో మాట, నీ జీతం ఏడాదికి 3 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 2,25,000, కొత్త రెజిమ్‌ల 4 లక్షల దాక సున్నా, అంటే ఇంకా 1,75,000 జాగ ఖాళీగ ఉన్నట్టే గదా గెలిచినయ్ అండ్ల సర్దుదాం అనిపిస్తది, మా వోడు, అదే పిన్ని కొడుకు, కూడా గదే అన్నడు, కానీ ఆ ఖాళీ ఈ పైసలకు వాడుకోనియ్యరు. ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి సెక్షన్ 80సీ తగ్గింపులు కూడా దీని మీద పనిజేయవు, పాత రెజిమ్ పెట్టుకున్నా సరే.

మరి ఆదాయం 4 లక్షల లోపే ఉన్నది గదా అసలు రిటర్నే వెయ్యకుంటే ఏమైతది అని చాలామంది అడుగుతరు. ఏడాదిల నీ పేరు మీద టీడీఎస్, టీసీఎస్ కలిపి 25 వేలు, అంతకు మించి ఉంటే ఆదాయం ఎంత తక్కువున్నా రిటర్న్ వెయ్యాల్సిందే, నీది 42 వేలు కాబట్టి తప్పదు. ధాన్యం కాంటా కాడ తరుగు కోసిన్రని తక్‌పట్టీ (లెక్క చీటీ) రాయకుంట వదిలేస్తమా, ఇదీ గంతే.

ఇగ లెక్క. నికరంగ గెలిచింది ఎంత అనేదానికి రూల్ 133 ఉన్నది. ఏడాదిల అకౌంట్ల నుంచి తీసుకున్నది, దానికి మార్చి 31 నాడు యాప్‌ల మిగిలిన బ్యాలెన్స్ కలుపు, అండ్లకెల్లి నువ్వు జేబులకెల్లి వేసిన డిపాజిట్లు, ఏడాది మొదట్ల ఉన్న బ్యాలెన్స్ తీసెయ్యి. మాటవరసకు 60 వేలు వేసినవ్, 2 లక్షలు తీసినవ్, ముందు బ్యాలెన్స్ సున్నా, ఆఖరికి కూడా ఏం మిగల్లే అనుకో, 1,40,000 గెలిచినట్టు, దానికి 42,000, నీ టీడీఎస్ కూడా అంతే ఉన్నది కాబట్టి నీ లెక్క ఇట్లనే ఉండొచ్చు. సెస్సు 1,680 అయితది, అది ఈ-పే ట్యాక్స్‌ల సెల్ఫ్ అసెస్‌మెంట్ కింద కట్టి ఆ చలాన్ నంబర్ రిటర్న్‌ల ఎక్కియ్యాలె. కట్టేది పదివేల లోపు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీల లొల్లి లేదు. బోనస్ కింద యాప్ వాళ్ళు వేసిన పైసలు నీ డిపాజిట్ల లెక్కకు రావు, వాళ్ళు ఇచ్చిన దాన్ని నువ్వు ఇచ్చినట్టు చూపిస్తే నడవదు.

ఈ లెక్కల ఒక మేలున్నది, అదే అకౌంట్ల అదే ఏడాది పోగొట్టుకున్నయ్ వాటంతట అవే తగ్గుతయ్, ఎందుకంటే డిపాజిట్లు మొత్తం తీసేస్తున్నం గదా. కానీ వేరే యాప్‌ల పోయినయ్ ఇండ్ల కొట్టేస్తే? మా వోడికి ఇంకో యాప్‌ల దగ్గర దగ్గర లక్ష పోయింది, అది కూడా తీసెయ్‌మని కొట్లాడిండు, నల్లగొండల మేం చూపించుకున్న సీఏ ఒప్పుకోలే, నువ్వు కూడా పెట్టకపోవుడే మంచిది. జీతంలకెల్లి తీసుడు, వచ్చే ఏడాదికి మోసుకుపోవుడు ఎట్లాగూ లేదు. డేటా ప్యాక్, యాప్ సబ్‌స్క్రిప్షన్ ఖర్చులు కూడా మర్చిపో.

ఫారం విషయంల జాగ్రత్త. ఐటీఆర్-1 వద్దు, టీచర్లందరూ అదే వేస్తరు కాబట్టి నెట్ సెంటర్ల కుర్రోడు కూడా అలవాటుకు అదే కొట్టేస్తడు. మా వోడికి అట్లనే అయింది, జీతం పెట్టి, వడ్డీ పెట్టి, గెలిచినయ్ ఇతర ఆదాయంల మామూలు వడ్డీ లెక్క కలిపి పంపిండు, 139(9) కింద డిఫెక్టివ్ నోటీస్ వచ్చింది, 15 రోజుల్ల సరిచెయ్యాలె. ఐటీఆర్-2ల మళ్ళ వేసినం. అండ్ల షెడ్యూల్ ఓఎస్‌ల స్పెషల్ రేటు ఆదాయం కాడ 115బీబీజే అని వేరే గడి ఉంటది, ఏ తేదీల నడుమ ఎంత వచ్చిందో కింద పట్టీల నింపాలె, తర్వాత టీడీఎస్ షెడ్యూల్ల జీతం కాని టీడీఎస్ కింద ఆ 42 వేలు వచ్చిందా చూసుకోవాలె, షెడ్యూల్ ఎస్ఐల (స్పెషల్ రేటు ఆదాయం పట్టీ) 30 శాతం పడ్డదా చూడాలె. ప్రీఫిల్ల (ముందే నింపి ఇచ్చిన ఫారంల) వచ్చింది గదా అని నమ్మి సబ్‌మిట్ కొట్టకు. 26ఏఎస్, ఏఐఎస్ (నీ పాన్ మీద ఎక్కిన టీడీఎస్, ఆదాయం చూపించే పట్టీలు) రెండూ డౌన్‌లోడ్ చేసి యాప్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూడు. చివరి మూడు నెలల టీడీఎస్ లెక్క కంపెనీలు మే 31 దాక ఇస్తుంటయ్ కాబట్టి జూన్ నడుమ దాక ఆగుడు మంచిది. గడువు మామూలుగ జులై 31, 2025ల సెప్టెంబర్ 16 దాక జరిపిన్రు కానీ ప్రతి ఏడూ జరుపుతరని ఊకోకు.

బ్యాన్ సంగతి. తెలంగాణ గేమింగ్ చట్టం 1974ది, 2017ల సవరణ చేసి ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు ఈడ బంద్ చేసిన్రు, రమ్మీ కూడా. మక్తల్ దిక్కు పోరగాండ్లు కృష్ణా బ్రిడ్జి దాటి కర్ణాటకల ఉన్న రాయచూర్ల రూమ్ తీస్కొని ఆడేటోళ్ళు, ఇంకొందరు లొకేషన్ మార్చే యాప్‌లు పెట్టేటోళ్ళు. 2025 ఆగస్టుల కేంద్రం చట్టం చేసినంక దేశమంతట పెద్ద పెద్ద యాప్‌లే పైసల ఆటలు ఆపేసినయ్, ఆ చట్టంల శిక్షలు ఆడించేటోళ్ళకు, యాడ్‌లు ఇచ్చేటోళ్ళకు, పైసలు తిప్పేటోళ్ళకు ఉన్నయ్, ఆడినోళ్ళకు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌కు మాత్రం ఆ పైసలు ఏ దారిల వచ్చినయ్ అన్నది లెక్కలేదు, ఆదాయం అయితే ట్యాక్స్ పడుద్ది, రిటర్న్ ఫారంల నువ్వు ఏ ఊర్ల కూసొని ఆడినవ్ అని గడి లేదు. నీ టీడీఎస్ పాన్ మీద ఎప్పుడో ఎక్కింది, అది వాళ్ళకు కనపడుతనే ఉన్నది, దాచేది ఏమున్నది.

నువ్వు అడగలే గాని చెప్పాలె, అమ్మ పాన్ పెట్టి, నాయిన పాన్ పెట్టి ఆడేటోళ్ళు మన దిక్కు మస్తున్నరు. మా వోడు ఇంకో అకౌంట్ పిన్ని పేరు మీదనే తీసిండు, కేవైసీ, బ్యాంకు అన్నీ ఆమెవే, టీడీఎస్ ఆమె 26ఏఎస్‌ల పడ్డది, ఆమె రిటర్న్ వేసి ట్యాక్స్ కట్టినట్టు అయింది. ఇగ పీఎం-కిసాన్ రూల్ ఏందంటే పోయిన అసెస్‌మెంట్ ఏడాది ట్యాక్స్ కట్టినోళ్ళకు ఆ ఏడాదికి 6 వేలు రావు. పిన్నికి రెండెకరాల పత్తి చేను తప్ప ఏం లేదు, రమ్మీ అంటే ఏందో కూడా తెల్వదు, 2 వేల కిస్తు పడకపోయేసరికి బ్యాంకు కాడికి పోయి అడిగింది. నీది నీ పాన్ మీదనే ఉంటే మంచిది, లేకుంటే ఎవరి పాన్ మీద ఉంటే వాళ్ళ పేరు మీదనే రిటర్న్ వెయ్యాల్సి వస్తది, ఆ ఇంటోళ్ళకు ముందే చెప్పి పెట్టు.

యాప్ ఇంకా ఓపెన్ అయితుంటే ఇయ్యాలనే 2025 ఏప్రిల్ నుంచి స్టేట్‌మెంట్, టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం-16ఏ రెండూ దింపి మెయిల్ల పెట్టుకో, లాగిన్ పోయినంక కస్టమర్ కేర్ల తిరుగుడు కష్టం. రిటర్న్ వేసినంక 30 రోజుల్ల ఆధార్ ఓటీపీతోటి ఈ-వెరిఫై చెయ్యాలె, అది చెయ్యకుంటే వెయ్యనట్టే లెక్క. ఏమన్న కారణానికి గడువు దాటితే డిసెంబర్ 31 దాక లేట్ ఫీజుతోటి వెయ్యొచ్చు, ఆ తర్వాత అప్‌డేటెడ్ రిటర్నే దిక్కు, అండ్ల కట్టాల్సిన ట్యాక్స్ మీద 25 శాతం నుంచి మొదలై ఏడాది ఏడాదికి 70 శాతం దాక అదనంగ పడుద్ది.