ఎవరు ఎవర్ని వింటున్నారో రాయి

విజయనగరం

చిరంజీవి బాబుకి,

నీ వ్యాసం అందింది. శ్రీకాకుళంలో కూర్చుని ఒక కుర్రాడు అమెరికా సాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ ‘ఫ్రీ జాజ్’ రికార్డు మీద తెలుగులో నాలుగు పేజీలు రాశాడంటేనే నాకు సంబరంగా ఉంది. ముందు ఆ మాట చెప్పేసి, మిగతావి చెబుతాను.

‘శబ్దాల తుఫాను’, ‘కట్టలు తెగిన ఆవేశం’, ‘మాటలకందని అనుభూతి’ అని రాశావు. ఆ రికార్డులో వాయించిన ఎనిమిది మంది మాత్రం నీ వ్యాసంలో ఎక్కడా కనబడలేదు. ఈ మాటలు తీసుకెళ్లి ఇంకో రికార్డు మీద పెట్టినా సరిపోతాయి. చదివేవాడు అప్పటికి ఆ సంగీతం విని ఉండడు బాబూ. వాడి చెవికి పట్టుకోవడానికి ఏదో ఒకటి నువ్వే అందించాలి.

ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఫోన్ స్పీకర్లో వింటే ఈ రికార్డు సగం పోతుంది. 1960 డిసెంబర్ 21న న్యూయార్క్‌లో రెండు బృందాలు కలిసి ఒకే టేక్‌లో, అంటే మధ్యలో ఆపకుండా, సుమారు 37 నిమిషాలు వాయించాయి. ఎడమ చెవిలో కోల్మన్ సాక్సఫోన్, డాన్ చెర్రీ ట్రంపెట్, స్కాట్ లఫారో బేస్ (కింది స్వరాల పెద్ద తీగవాద్యం), బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్. కుడి చెవిలో ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్, ఫ్రెడీ హబ్బర్డ్ ట్రంపెట్, చార్లీ హేడెన్ బేస్, ఎడ్ బ్లాక్‌వెల్ డ్రమ్స్. మొదట మిగతావాళ్లందర్నీ వదిలేసి ఆ రెండు బేస్‌లనే పట్టుకో. లఫారో పై స్థాయిలో గబగబా తిరుగుతుంటాడు. హేడెన్ కింద నిలకడగా నడుస్తుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా చోటు ఎలా ఇచ్చుకుంటున్నారో తెలిసిందంటే, నువ్వు తుఫాను అన్నదాంట్లో దారులు కనిపిస్తాయి.

తర్వాత డాల్ఫీ దగ్గరికి రా. మొదటి సోలో, అంటే ఒక్కడు ముందుండి వాయించే వంతు, అతనిదే. అతను వాయిస్తుంటే తక్కిన ఊదేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. మధ్యలో ఒకడు చిన్న పలుకు వేస్తాడు, ఇంకొకడు దాన్ని అందుకుంటాడు, కాసేపటికి సోలో చుట్టూ గుంపు చేరుతుంది, మళ్లీ విడిపోతుంది. నువ్వు రాయాల్సింది అదీ. ఎన్నో నిమిషంలో ఎవరు దూరారు, దూరాక డాల్ఫీ ఏం చేశాడు, పట్టించుకున్నాడా, తన దారిన తాను పోయాడా? కాగితం మీద నిమిషాలు వేసుకుంటూ విను. కానీ తొలి రెండుసార్లు పెన్ను ముట్టుకోకు.

‘ఏ నియమమూ లేని సంగీతం’ అన్న నీ వాక్యం కొట్టేయి. సోలోకీ సోలోకీ మధ్య అందరూ కలిసి ఊదే చిన్న భాగాలు ముందే అనుకున్నవి. ఎనిమిది మందికీ వంతులు ఉన్నాయి, చివర్లో డ్రమ్స్ వాయించేవాళ్లకి కూడా.

ఇక మన మనోధర్మంతో, అంటే కచేరీలో అప్పటికప్పుడు అల్లే సంగీతంతో, పోల్చావు. అది సగం వరకే నిలుస్తుంది. కల్పనస్వరం పాడే విద్వాంసుడి చేతిలో రాగం ఉంది, తాళం ఉంది, ఎత్తుగడకి, అంటే పాట ఎత్తుకున్న చోటికి, ఎప్పుడు తిరిగొస్తాడో ముందు వరసలో కూర్చున్నవాళ్లకీ తెలుసు. ఇంగ్లండ్‌లో డెరెక్ బెయిలీ గిటార్, ఇవాన్ పార్కర్ సాక్సఫోన్ తీసుకుంటే, వాళ్లు తిరిగి రావడానికి అలాంటి ఎత్తుగడ ఏదీ పెట్టుకోలేదు. అక్కడ రాగం కోసం వెతికితే నీకు దొరికేది తలనొప్పి. ధ్వని గరుకుగా ఉందా, పలచగా ఉందా, ఎంత దట్టంగా అల్లుకుంది, ఎక్కడ ఆగింది అని విను. పార్కర్ ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లోని గాలిని సాక్సఫోన్‌లోకి తోస్తాడు. అందుకే నిమిషాల తరబడి ఊపిరి తెగదు. మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాణ్ణి దగ్గర నుంచి చూడు, ఆ పని అర్థమవుతుంది.

మన ప్రాంతంలో పుట్టినందుకు నీ చెవికి ఒక లాభం ఉంది. జముకుల కథ వినే ఉంటావు. జముకు తీగని బిగించి వదులుతూ మీటుతుంటే స్వరం ఒకచోట నిలవదు, పైకీ కిందకీ జారుతుంది. అది తప్పు శ్రుతి అని మన ఊళ్లలో ఎవరూ అనరు. ఇప్పుడు మేరీ హాల్వర్సన్ గిటార్ విను. శుభ్రంగా మీటిన స్వరాన్ని కాలితో నొక్కే పెడల్‌తో ఉన్నట్టుండి వంచేస్తుంది. అది విని ‘వింతగా ఉంది’ అని రాస్తే నీ చెవికి అన్యాయం చేసినట్టే. ఎక్కడ వంచింది, వంచాక పక్కన సెల్లో వాయిస్తున్న టొమీకా రీడ్ ఏం చేసింది, అది రాయి. వాళ్లిద్దరూ కలిసి వాయించిన రికార్డులు ఉన్నాయి, వెతుక్కో.

పక్కవాద్యం అనే అంతస్తు ఈ సంగీతంలో చాలా చోట్ల నిలవదు. ఇది మనకి కొత్త కాదు. ఇక్కడి సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు పక్కన కూర్చునే వయొలిన్‌ని కచేరీ మధ్యలోకి తెచ్చారు. అయితే వీళ్లు చేసేది ఇంకొకటి. మధ్య అనే చోటునే ఖాళీగా ఉంచుతారు.

చరిత్ర రాయి, కానీ కొంచెంగా. 1965లో షికాగోలో నల్లజాతి సంగీతకారులు ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నారు, తమ సంగీతాన్ని తామే నడుపుకోవాలని. అది తెలియకుండా ఈ సంగీతాన్ని ఒట్టి ప్రయోగం అనుకోవడం పొరపాటు. అలాగని ప్రతి అరుపునీ పోరాటం అని రాసెయ్యకు. ఆ అరుపు ఎలా వచ్చిందో ముందు చెప్పు.

విసుగు పుడితే విసుగు పుట్టిందని రాయి. ఈ సంగీతం మీద రాసేవాళ్లలో చాలామందికి ఆ ధైర్యం ఉండదు, అర్థం కాలేదేమో అనుకుంటారని టెన్షన్. ఏ నిమిషం నుంచి విసుగు మొదలైంది, అప్పుడు వాళ్లేం చేస్తున్నారు అన్నది కూడా ఉంటే అది నిజమైన విమర్శే.

తర్వాత ఆస్ట్రేలియా వాళ్లు ‘ద నెక్స్’ మీద రాస్తానన్నావు. పియానో, బేస్, డ్రమ్స్, ముగ్గురే. కచేరీలో ఒక్కో అంశం గంట దాకా సాగుతుంది, మార్పు కనిపించీ కనిపించనట్టు వస్తుంది. వాళ్లని ఇప్పుడే ముట్టుకోకు. ముందు డాల్ఫీ సోలో ఒక్కదాని మీదే రెండు పేజీలు రాసి పంపించు. పేర్లు మొదట ఎలా రాస్తే చివరి దాకా అలాగే రాయి, ఈసారి కోల్మన్‌ని మూడు రకాలుగా రాశావు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు