నాలుగు కుక్కపిల్లలూ మొదటి సూదీ

కావలి

అబ్బాయ్,

రాత్రి నువ్వు పంపిన ఫోటోలు మీ పెద్దమ్మా నేనూ చూశాం. కర్నూలు రోడ్డు పక్క పునాది గుంటలో దొరికిన నాలుగూ బాగానే ఉన్నాయి, ఆ నల్లది తప్ప. దాని పొట్ట ఉబ్బు చూస్తే నట్టలు, అదే కడుపులో పురుగులు, నిండా ఉన్నట్టే. ముందు నువ్వడిగినదానికి వస్తా. తల్లి లారీ కింద పడింది గనక పిల్లలకి ఇక రక్షణ లేదు, రేపే తీసుకుపొయ్యి అన్ని టీకా సూదులూ వేయించేస్తానంటివి. మీ ఎదురింటాయన మూడు నెలలు నిండేదాకా సూది మాటే ఎత్తొద్దన్నాడంట. నీ తొందరా పనికిరాదు, ఆయన తాపీ అంతకన్నా పనికిరాదు.

వయసు తేలకుండా ఏ మాటా చెప్పలేం. మన వైపు వీధి కుక్కలు ఎక్కువగా ఎదకొచ్చేది చిత్త కార్తెలో, అంటే అక్టోబరు నడిమి. కుక్క మోసేది అటూ ఇటూగా 63 రోజులు. లెక్క వేస్తే డిసెంబరు రెండో సగంలో ఈనాలి. అందుకే సంక్రాంతికి ఒంగోల్లో చూసినా కావల్లో చూసినా ప్రతి సందులోనూ మూడు నాలుగు వారాల పిల్లలే. మరి కొన్ని కుక్కలు ఏడాదిలో ఎప్పుడైనా ఈనతాయి గదా, కాబట్టి నోరు తెరిచి చూడక తప్పదు.

కళ్ళు తెరిచేది 10 నుంచి 14 రోజుల మధ్య. మూడు వారాలకి తూలుకుంటా నడుస్తాయి. కోరపళ్ళు మూడు నాలుగు వారాలకి, ముందు పళ్ళు నాలుగైదు వారాలకి మొలుస్తాయి. ఆ తర్వాత దవడ పళ్ళు. ఎనిమిది వారాలకి పాలపళ్ళు మొత్తం 28 వచ్చేస్తాయి. చేతులు కడుక్కుని చిటికెనవేలితో చిగురు మీద రాసి చూడు. సైజుని మాత్రం నమ్మకు. తిండి లేని పిల్ల ఆరు వారాలున్నా నాలుగు వారాల దానిలా ఉంటది. నువ్వు చెప్పినదాన్నిబట్టి మూడింటికి ముందు పళ్ళు వచ్చేశాయి. అంటే ఐదు వారాల దాపు.

నాలుగు వారాలు నిండని పిల్లకి మటుకు ఎవరేం చెప్పినా సూది వేయించొద్దు. పార్వో అంటే నెత్తురు విరేచనాల రోగం, డిస్టెంపర్ అంటే జ్వరంతో మొదలై నరాలకెక్కే రోగం; ఈ రెంటి టీకాల్లో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అంత పసిదాని మెదడూ ఒళ్ళూ ఆ మాత్రానికి కూడా సిద్ధంగా ఉండవు. అప్పుడు దానికి కావాల్సింది వెచ్చదనం, పాలు, కడుపు శుభ్రం. అంతే.

ఇప్పుడు తల్లి సంగతి. తల్లి పాలు ఆగినాయి గనక రక్షణ ఆగిందనుకుంటున్నావు. ఆ రక్షణ దాదాపు అంతా పిల్ల రక్తంలోకి చేరేది పుట్టిన మొదటి రోజు ముర్రుపాలతోనే. ఆ ఒక్క రోజు దాటితే పేగు దాన్ని లోపలికి రానివ్వదు. మూడు వారాలు తాగినా ఐదు వారాలు తాగినా రక్తంలో ఉండేది ఆ మొదటి రోజు చేరిందే. కాబట్టి మొన్న తల్లి పోవడం వల్ల వీటి రక్తంలో రక్షణ ఏమీ తగ్గలేదు. మారింది వాటి చోటు. పునాది గుంటలోంచి మీ వీధికి వచ్చాయి. పోయినేడు ఆ వీధిలోనే ఒక పిల్ల నెత్తురు విరేచనాలతో పోయిందని నువ్వే చెప్పావు. భయపడాల్సింది దానికి.

వీధికుక్కకి ఎవరూ టీకా వెయ్యరు గదా, దాని పాలల్లో రక్షణ ఏముంటదని అడుగుతావేమో. ఆ రోగాలన్నీ తిని తట్టుకుని బతికింది గనకే అది తల్లయింది. దాని దగ్గర ఒక్కోసారి ఇంట్లో పెంచే కుక్క కన్నా ఎక్కువే ఉంటది. అయితే ఒక్క ఈతలో పుట్టినవన్నీ సమానంగా తాగవు. గట్టి పిల్ల ముందు రొమ్ము పట్టి కడుపు నింపుకుంటది, బక్కది వెనకబడతది. అందుకని నీ నాలుగింటికీ రక్షణ ఒకే రోజున అయిపోదు. ఒకదానికి ఆరో వారంలో అడుగంటచ్చు, ఇంకోదానికి పద్నాలుగో వారం దాకా ఉండచ్చు.

ఈ చిక్కు అర్థమైతే మిగతాదంతా అదే అర్థమైద్ది. మడి నిండా నీళ్ళున్నప్పుడు విత్తనం చల్లితే కుళ్ళిపోతది. బాగా ఆరేదాకా ఆగితే కలుపు ముందు మొలుస్తది. తల్లి రక్షణ నిండుగా ఉంటే టీకాని అదే చంపేస్తది, సూది వేసినా వెయ్యనట్టే. పూర్తిగా అయిపోయేదాకా కూర్చుంటే రోగం ముందొస్తది. ఈ రెంటికీ నడుమ ఇంకో చెడ్డ కాలముంది: టీకాని చంపడానికి సరిపోయేంత ఉంటది, రోగాన్ని ఆపడానికి మాత్రం చాలదు. ఏ పిల్లకి అది ఏ వారంలో వస్తదో చూసి చెప్పే మార్గం మన ఆసుపత్రుల్లో లేదు. కాబట్టే ఒకటికి నాలుగు సార్లు వేస్తారు. ఎప్పుడో ఒకప్పుడు పట్టాలని. జనం అనుకునేటట్టు మొదటి సూది మీద రెండోది బలం పెంచడానికని వేసేది కాదు.

మీ ఎదురింటాయన తల్లి దగ్గరే, వేరే కుక్క తొక్కని దొడ్లో పెరిగే పిల్లల్ని చూసి చెప్పుంటే నేనూ కాస్త ఆగి, మూడు నెలలు కాకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టమందును. నీ కేసు అది కాదు. ఈ వారమే మొదటిది వేయించు. డాక్టరు గారిని పప్పీ డీపీ అనే టీకా అడుగు. పార్వో, డిస్టెంపర్ రెండే ఉంటాయి, ఈ వయసు కోసమే చేసింది. షాపులో సెవెన్ ఇన్ వన్, అంటే చాలా రోగాలకి కలిపి ఒకే టీకా ఉంది, అన్నీ ఒకేసారి అయిపోతాయంటే సరేననకు. అందులో లెప్టో, అంటే ఎలక ఉచ్చ కలిసిన నీళ్ళతో అంటుకునే రోగానిది కూడా ఉంటది, దాన్ని ఎనిమిది వారాల లోపల వెయ్యరు. తర్వాత తప్పకుండా వెయ్యాలి. మన వైపు వరి మళ్ళూ ఎలకలూ వాన నీళ్ళూ, లెప్టోకి అంతకన్నా ఏం కావాలి. పిల్ల చిన్నదని సీసా సగం చేసి రెండింటికి వేసేవాళ్ళుంటారు. ఒప్పుకోవద్దు. పిల్ల ఎంత చిన్నదైనా పూర్తి మోతాదే.

ఐదు వారాలకి ఒకటి, ఆపైన మూడేసి వారాలకి ఒకటి: ఎనిమిది, పదకొండు, పద్నాలుగు, పదిహేడు. డిసెంబరు 20 ప్రాంతంలో పుట్టాయనుకుంటే ఏప్రిల్ మూడో వారానికి ఆఖరిది. నలుగురికి ఇన్నిసార్లంటే ఖర్చే. డబ్బు ఇబ్బందైతే నాలుగేసి వారాలకి జరుపు, డాక్టరు గారు ఏమీ అనరు. కానీ 16 వారాలు నిండాక వేసే ఆఖరి సూది మాత్రం వదలొద్దు. మొత్తంలో ఒక్కటే వేయించే స్తోమత ఉందంటే నేను ఆ ఒక్కదాన్నే ఎంచుకుంటా, ఎందుకంటే అప్పటికి తల్లి రక్షణ దాదాపు ఏ పిల్లలోనూ అడ్డం రాదు. జనం చేసేది దీనికి సరిగ్గా తిరగేసి. పసిగా ఉన్నప్పుడు హడావిడిగా రెండు వేయించి, పిల్ల గంతులేస్తుంటే ఇక చాల్లే అంటారు. మూడున్నర నెలలకి పార్వో వస్తే మందు మంచిది కాదంటారు. ఆరు నెలలు దాటాక ఇంకొకటి వేయిస్తే ఆ దిగులు కూడా ఉండదు.

రేబీస్ పన్నెండు వారాలకి, అంటే మార్చి నడిమికి. ఏడాదికి మళ్ళీ. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి అంటే రోగాల దినం) పేరుతో పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, మంచిదే, కానీ దాని కోసం నాలుగు నెలలు ఆగమాకు.

నల్లదాని సంగతి. నట్టలు తల్లి కడుపులోనే పిల్లలోకి వస్తాయి, పాలల్లోనూ వస్తాయి. వీధి పిల్లల్లో నట్టలు లేనిదాన్ని నేను చూడలేదు. నిజానికి రెండో వారం నుంచే పదిహేను రోజులకోసారి మందు పొయ్యాలి. నాలుగింటినీ విడివిడిగా తూచి కాగితం మీద రాసుకుని పో, మందు బరువుని బట్టే పోస్తారు. పొట్ట ఉబ్బుందని, విరేచనం కాస్త పల్చగా ఉందని సూది ఆపనక్కర్లేదు. జ్వరముండి, పాలు ముట్టకుండా మూలన పడుకుంటేనే ఆపి ముందు వైద్యం చేయించాలి. ఆ తేడా డాక్టరు గారు చూసి చెప్పాలి, ఫోన్లో నేను చెప్పలేను. ఆవుపాలు నిండా పట్టిస్తున్నావేమో, విరేచనానికి అది కూడా కారణమే. షాపులో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది.

ఒకటి ముందే చెప్పి పెడతా. పార్వో ఒంట్లోకి దిగాక బయటపడ్డానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. గుంటలోనే అంటించుకుని వచ్చిన పిల్లకి నువ్వు సోమవారం సూది వేయిస్తే శుక్రవారానికి వాంతులు పట్టుకోవచ్చు. వీధంతా సూది వల్లే పోయిందంటారు. నేను కాంపౌండరుగా చేసినన్నాళ్ళూ ఈ నింద మోశాను. నువ్వు విని ఊరుకో, మిగతా మూడింటికి మాత్రం ఆపొద్దు. 1978లో ప్రపంచానికి తెలిసిన రోగం ఇది, మా నాన్న కాలంలో కుక్కలకి ఇది లేనే లేదు. ఇప్పుడు మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కి చావదు. ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తది. పిల్లల్ని అప్పుడు వేరే గదిలో పెట్టు. మీ ఓనరు గారి కుక్క దగ్గరికి రెండు వారాలు పోనివ్వొద్దు, బయట మట్టిలో దించొద్దు, ఆసుపత్రి వరండాలో కూడా ఒళ్ళో నుంచి దించొద్దు.

టీకా మెడికల్ షాపులో కొని తెచ్చుకోమంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని గుర్తుపెట్టుకో. మన రొయ్యల వాళ్ళ థర్మాకోల్ పెట్టె దొరికింది గదా అని నేరుగా ఐసులో గుచ్చమాకు, గడ్డకట్టినా చెడినట్టే. ఐసుకి తగలకుండా గుడ్డ చుట్టి పెట్టు. డాక్టరు గారి ఫ్రిజ్‌లోదే వేయించుకుంటే ఈ బాధే లేదు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చో. మూతి వాచినా వాంతి చేసుకున్నా చెయ్యి దగ్గరే డాక్టరుంటారు. సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించమను.

నీ చేతి మీద గీతలు కూడా ఫోటోలో కనబడ్డాయి. పిల్ల పన్నే గదా అని వదిలెయ్యమాకు, తల్లికి ఏముండేదో మనకి తెలియదు. పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి, ఈరోజే ప్రభుత్వాసుపత్రికి పో. రేబీస్ రాకుండా 0, 3, 7, 28 రోజుల్లో సూదులు వేస్తారు. కుక్కపిల్లల సూది రేపటికైనా ఆగుతుంది, నీది ఆగదు.

నాలుగో దానికి ముందు పళ్ళు తగల్లేదన్నావు. పగటి వెలుతురులో ఇంకోసారి చూసి సాయంత్రం లోపల ఫోన్ చెయ్. నిజంగానే రాకపోతే దాన్ని ఈసారి తీసుకుపోవద్దు, వచ్చే వారం విడిగా తీసుకుపోదువు.

మీ పెదనాన్న